అక్క చెంప

మొన్న మనవరాలు ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసి, ఈ ప్రిపొజిషనల్ ఫ్రేజు అడ్జెక్టివా, అడ్వర్బా చెప్పమంది. ఏళ్ల తరబడి పిల్లలకు ఆ పాఠమే చెప్పి రిటైరైనదాన్ని, అయినా ఆ మాట వినగానే కుడి అరచెయ్యి చుర్రుమంది.

గుత్తి దగ్గర మా పల్లె బడిలో ఉన్న పద్ధతి మీలో చాలామందికి తెలిసిందే. జవాబు చెప్పినవాళ్లు చెప్పలేనివాళ్ల ముక్కు పట్టుకుని చెంప వాయించాలి, మెల్లగా కొడితే బెత్తం మన వీపు మీద పడుతుంది. నేనెప్పుడూ మెల్లగా కొట్టలేదు. కొట్టడం నాకు ఇష్టంగా ఉండేది, ఇప్పుడు దాచి ఏం లాభం?

అక్క ఒక ఏడు తప్పి నా తరగతిలోకే వచ్చింది. వానలు లేని ఆ ఏడాది నాయన బడికే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సామీ, పెద్దదానికి సదువొస్తాందా, లేకుంటే గొర్రెల ఎనక తోలమంటావా?"

నువ్వే చూడమని అయ్యవారు బోర్డు మీద 'ద గోట్ అండర్ ద ట్రీ ఈజ్ బ్లాక్' అని రాసి, 'అండర్ ద ట్రీ' ఏమవుతుందని మొదట నన్నడిగాడు. ముందురోజు చెప్పిందే, నాకు తట్టలేదు. తర్వాత అక్కనడిగాడు. ఆమె తల దించుకుని, పావడా అంచు నలుపుతూ నిలబడిపోయింది. ఆ కాసేపట్లో నాకు తట్టి, అడ్జెక్టివ్ అని అరిచాను. నాయన చూస్తున్నాడన్న సంబరంలో ముక్కుపుడక ఉందని కూడా చూడకుండా అక్క ముక్కు పిండి, చెంప ఛెళ్లుమనిపించాను. రక్తం కారింది. నాయన ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు, అక్క మళ్లీ బడికి రాలేదు.

ఇదంతా తలచుకుంటూ నేను పుస్తకం తిప్పుతుంటే, పక్కన శనక్కాయలు ఒలుస్తున్న అక్క తలెత్తకుండానే మనవరాలితో, ఏ మేక అంటే జవాబొచ్చేది అడ్జెక్టివ్, యాడ అంటే జవాబొచ్చేది అడ్వర్బ్ అని చెప్పింది. అది నీకెప్పుడు తెలిసిందక్కా అన్నాను.

"ఆ పొద్దే తెలుసు. చెప్పింటే నీ ముక్కు నేను పట్టుకోవల్ల గదమ్మీ."

ఇప్పటి బళ్లలో చెంపలు వాయించడాలు లేవు, మంచిదే. మనవరాలు జవాబు తప్పు రాస్తే నవ్వుతూ రబ్బరుతో చెరిపేసుకుంటుంది, చూస్తుంటే నాకు కుళ్లుగా ఉంటుంది. ఎవరడిగినా, మా అక్కకు చదువు అబ్బలేదనే ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను.