సగటు మావయ్య కట్టించిన గట్టు

మా మావయ్యకు ఉన్నది ఒకటే పిచ్చి, సగటు. ఇంట్లోకి ఏ వస్తువు కొన్నా అది ఎవరికి సరిపోతుందో చూడడు. అందరి కొలతలూ కూడి, ఎంతమంది ఉంటే అంతతో భాగించి, వచ్చినదాన్ని కొంటాడు. "ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే మాట మనింట్లో వినపడకూడదు" అనేవాడు. బడి బల్లలు తయారుచేసే కార్ఖానాలో కొలతలు ఖరారు చేసే ఉద్యోగం ఆయనది. ఆ బల్లల మీద చదివిన పిల్లల నడుముల సంగతి నన్నడగండి, నేనూ వాటి మీదే చదివాను.

వాళ్లింట్లో ఉండి చదువుకునే రోజుల్లో మేం ఐదుగురం. మావయ్య, బావలిద్దరు, నేను తాటిచెట్టంత పొడుగు. అత్తయ్య మా భుజాల దాకా కూడా రాదు. స్నానాలగది చెప్పులన్నీ ఒకే సైజు. మా మడమలు నేల మీదుంటే, అత్తయ్య పాదాలు చెప్పుల్లో ఈత కొట్టేవి. గోడకు బిగించిన అద్దంలో మావయ్యకు మెడ కనిపించేది, అత్తయ్యకు పాపిట.

"ఇది ఎవరికీ సరిపోవట్లేదు మావయ్యా!"

"చూశావా, ఎవరి మీదా పక్షపాతం లేదు!"

వంటింటి గట్టూ అంతే. ఐదుగురి నడుము ఎత్తులూ కలిపి భాగించి కట్టించాడు. వండేది మాత్రం అత్తయ్య ఒక్కతే. పాపం, పీట ఎక్కి కూరగాయలు తరిగేది. భోజనాలయ్యాక గిన్నెలు తోమడం మావయ్య వంతు. ఆయన నిటారుగా నిలబడి, ఈల వేసుకుంటూ తోమేవాడు.

ఒకరోజు పీట జారి అత్తయ్య కిందపడింది. మణికట్టు బెణికింది. కట్టు కట్టించుకుని వచ్చి తేల్చి చెప్పేసింది.

"ఏమండీ, ఆ గట్టు పడగొట్టించి మళ్లీ కట్టించండి. ఈసారి కూడా సగటన్నారో, గరిటె మీ చేతికిచ్చి మా అక్కయ్యింటికి పోతాను."

మావయ్య మొహం పాలిపోయింది. "సగటు తప్పితే న్యాయం తప్పినట్టేనే!"

"అయితే ఆ న్యాయాన్నే వండిపెట్టమనండి."

మర్నాడు మావయ్య టేపు పట్టుకుని వీధిన పడ్డాడు. ముందు పక్కింటి కవలల నడుము ఎత్తు కొలిచాడు. వాళ్లకు నడక వచ్చి నెల కాలేదు.

"వీళ్లెందుకు మావయ్యా?"

"మనింటికి వస్తూపోతూ ఉంటారుగా. లెక్కలో వాళ్లూ ఉండాలి."

వేళ్ల మీద ఏదో లెక్కేసి, "ఇంకా దిగలేదు" అని గొణిగాడు. ఎదురింటి చంటిదాన్ని చంకల కింద పట్టి నిలబెట్టి కొలిచాడు. అది టేపు కొస నోట్లో పెట్టుకుంది. "ఇంకొంచెం దిగాలి" అంటూ దర్జీ మనవరాలి వెంటపడ్డాడు. "సగటాయన వస్తున్నాడు!" అని తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. లెక్క మావయ్య తలకెక్కిందనే నేనూ అనుకున్నాను.

చివరికి మేస్త్రీకి ఎత్తు చెప్పాడు. మేస్త్రీ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మరీ కిందికైపోతుందేమో సార్?"

"లెక్క లెక్కే. కట్టు."

కొత్త గట్టు దగ్గర అత్తయ్య పీట లేకుండా నిలబడింది. కత్తి పట్టుకుని చూసుకుంది. భుజాలు పైకి లేవలేదు.

"ఇది అచ్చంగా నా ఎత్తేనండీ!"

"నీదేం కాదు. అందరి సగటూ అంతే వచ్చింది. కావాలంటే లెక్క చూసుకో" అని కసిరాడు మావయ్య.

అత్తయ్య లెక్క చూడలేదు. మొగుడి మొహం చూసి నవ్వి, ఉల్లిపాయలు ముందేసుకుంది. నాకు మాత్రం ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ఆ రోజు గిన్నెల దగ్గర మావయ్య కొడవలిలా వంగిపోయాడు.

"నడుం నొప్పా మావయ్యా?"

"సగటంటే అంతేరా. ఎవరో ఒకళ్లు వంగాలి" అని, మళ్లీ ఈల అందుకున్నాడు.