మసక బొమ్మ

ఆఫీసులో నెట్ మొరాయిస్తే అందరూ ఆమె కుర్చీ వైపే చూస్తారు. ఆమె కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, నెట్‌వర్క్ స్విచ్ చూపే అంకెలను పెదవులు కదుపుతూ చదువుకుంటుంది. ఎర్రర్లు పెరుగుతుంటే కేబుల్ మార్చమంటుంది. మార్చగానే నెట్ నడుస్తుంది. విడిపోయిన భర్త దగ్గర పెరుగుతున్న కూతురు మాత్రం ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మసకగానే కనిపించేది; ఆ పిల్లకు ఆమె కూడా అంతే. చివరికి ఉండబట్టలేక, ఒక ఆదివారం కూతురి చేత ఇంట్లోని రౌటర్ అంకెలు చూపే పేజీ తెరిపించింది.

"ఎర్రర్లు పెరుగుతూనే ఉన్నాయమ్మా."

"అయితే కేబుల్‌దే తప్పు తల్లీ. వేరేది పెట్టి చూడు."

కేబుల్ మారగానే బొమ్మ తేటపడింది. పిల్ల బుగ్గలు తగ్గాయి. చెవులకు కొత్త పోగులున్నాయి. ఆమె తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా జరిగింది.

కూతురి నవ్వు ఆగిపోయింది. "అమ్మా, ఇన్నాళ్లూ ఇలా ఏడుస్తూనే మాట్లాడేదానివా?"