ఊఁ కొట్టని ఫోను

రెబెక్కమ్మ గురించి రాయాలంటే ముందు నా గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆమెను ఫోను ముందు కూర్చోబెట్టింది నేనే గనుక.

నా పేరు కామాక్షయ్య. కోవూరు పక్క పల్లెలో మాది వరి సేద్యం. మా ఊరి బోర్డు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చదివిందంతా తీగల మీదే. కోవూరులో ఒక రైసు మిల్లుకు మొదటి ఇంటర్‌కమ్ బిగించింది నేను. నెల్లూరులో మూడంతస్తుల లాడ్జికి గదిగదికీ ఫోను పెట్టింది నేను. సూళ్లూరుపేటలో నర్సింగ్‌హోముకు, నాయుడుపేటలో కల్యాణ మండపానికి, ఇంకా ఎన్నో ఆఫీసులకు ఎక్స్చేంజి పెట్టెలు నా చేతి మీదుగానే వెళ్లాయి. పెద్ద తుఫానుకు స్తంభాలన్నీ ఒరిగిపోయినప్పుడు, ఒక ప్రభుత్వ ఆఫీసు ఫోన్లను అందరికంటే ముందు మోగించినందుకు ఇచ్చిన ప్రశంసాపత్రం మా ఇంట్లో గోడకు ఇప్పటికీ ఉంది. ఇవన్నీ గొప్పకు చెప్పడం లేదు. జరిగినవి గనుక చెబుతున్నాను.

ఇన్ని చేసిన నాకు, సముద్రం వైపున్న ఒక రొయ్య పిల్లల హ్యాచరీలో వాయిస్ మెయిల్ పెట్టడం దగ్గర చుక్కలు కనిపించాయి. ఆ హ్యాచరీ ఫోను ముందు కూర్చునే మనిషి రెబెక్కమ్మ.

ఆమెది వాకాడు అవతల ఒక పాలెం. పదో తరగతి పాసయింది. రొయ్య పిల్లలను ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఆక్సిజన్ పట్టి, రబ్బరు బ్యాండు వేసే పనికి హ్యాచరీలో చేరింది. నేను అక్కడ మొదటిసారి ఎక్స్చేంజి బిగిస్తున్నప్పుడు ఆఫీసులో ఎవరూ లేక ఫోను మోగి మోగి ఆగిపోతూ ఉంది. నేను నిచ్చెన మీద ఉన్నాను. ఈ అమ్మాయి షెడ్డులో నుంచి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను ఎత్తింది. హలో అనలేదు.

"ఏ ఊరన్నా? గుంట ఎంత? నీళ్లు ఉప్పా, చప్పా?" అని అడిగింది.

రొయ్యల గుంటలున్న రైతుకు కావలసింది ఆ మూడు ప్రశ్నలే. నేను నిచ్చెన దిగి అప్పటి మేనేజరుతో, "ఆపరేటరు కోసం పేపర్లో వేయబాకండి సార్, దొరికింది" అన్నాను. ఆయన నా మాట మన్నించాడు. ఏ మీట నొక్కితే ఎవరికి మోగుతుందో, ఒక లైను ఆపి ఇంకో లైను ఎట్లా ఎత్తాలో నేనే నేర్పించాను. ఒక పూటలో పట్టేసింది.

అప్పటి నుంచి ఆ కుర్చీ ఆమెదే. మేనేజర్లు మారారు, వాళ్లతో పాటు వాళ్ల సెల్ నంబర్లూ మారాయి. ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు మాత్రం కంపెనీ రైతులకు అమ్మే మేత సంచుల మీద అచ్చయి ఉంది, అదే రైతుల నోట్లో ఉండిపోయింది. రొయ్యలు పైకి తేలినా, నీళ్లు రంగు మారినా, నీళ్లలో గాలి కలిపే ఏరేటరు ఆగినా అందరూ ఆ నంబరుకే చేస్తారు. ఫోనులో దగ్గు వినపడితే చాలు, అది ఏ ఊరి దగ్గో రెబెక్కమ్మ చెబుతుంది. శ్రీహరికోటలో రాకెట్టు లేచి అద్దాలు అదిరిపోతున్నా, ఒక చెవి మూసుకుని ఇంకో చెవితో గుంట లెక్క రాసుకునే మనిషి.

ఆమెకు ఒక్కటే కొరత. రొయ్యలకు ఆదివారం తెలియదు. తెల్లవారి గుంట నీళ్లలో గాలి తగ్గే వేళకు ఫోన్లు మొదలవుతాయి, అదే వేళకు పాలెంలో ఆరాధన మొదలవుతుంది. పెళ్లికి ముందు ఆమె చర్చి పాటల బృందంలో ముందు గొంతు. ఈ ఉద్యోగంలోకి వచ్చాక ఆదివారం పూట ఆ పాట విననే లేదు. ఆరాధన అయిపోయి జనం ఇళ్లకు పోతుంటే ఎదురు వచ్చేది.

ఇప్పటి మేనేజరు నరేంద్రబాబు మంచివాడే. ఆమె అడిగితే కాదనలేదు, అవుననడానికి మాత్రం భయపడ్డాడు. "ఆదివారం ఫోను ఎత్తకపోతే రైతు ఇంకో కంపెనీకి పోతాడు రెబెక్కమ్మా. నేనేం చెప్పేది పైవాళ్లకి?" అన్నాడు. ఆఖరికి నన్ను పిలిపించాడు. ఎక్స్చేంజిలో వాయిస్ మెయిల్ కార్డు పెట్టి, ఎవరూ ఎత్తకపోతే రైతు మాట అందులో పడేటట్టు చేయమన్నాడు. ఇంట్లో నుంచే తన సెల్‌లో ఆ మాటలు విని మనుషులను పంపిస్తానన్నాడు.

"మెసేజీలు సరిగ్గా పడితే ఇకమీద ఆదివారాలన్నీ నీవే. పడకపోతే మాత్రం నన్ననుకోబాక," అని రెబెక్కమ్మతో తేల్చేశాడు.

నేను కార్డు బిగించాను. ఆపరేటరు ఫోను ఎత్తి, కోడ్లు నొక్కుతూ పెట్టెకు పాఠం చెప్పాను. కాసేపు మోగినా ఎవరూ ఎత్తకపోతే వాయిస్ మెయిల్‌కు పో. మెసేజీ పడితే ఈ ఫోను మీద ఎర్ర దీపం వెలిగించు. ఇవి తేలిక. అసలు చిక్కు ఒకటుంది. అవతలి మనిషి ఫోను పెట్టేశాడన్న సంగతి ఆ పెట్టెకు తిన్నగా తెలియదు. మాట వినపడటం లేదు గనుక పెట్టేసి ఉంటాడని లైను వదిలేస్తుంది. ఎంతసేపు చూసి వదలాలో మనం చెప్పాలి. ఎక్కువసేపు చూడమంటే, మనిషి పోయినా ఉత్త లైను పట్టుకుని కూర్చుంటుంది. ఆఫీసుకు ఉన్నవి రెండే లైన్లు. అవి అట్లా ఇరుక్కుంటే మిగతా రైతులకు ఎంగేజ్ మోగుతుంది. అందుకని మాట ఆగిన వెంటనే తెంపేయమని పెట్టాను.

ముందుగా వినిపించే మాట రెబెక్కమ్మ గొంతుతోనే పెట్టాము. నరేంద్రబాబు ఆ మాట కాగితం మీద రాసి ఇచ్చాడు: "దయచేసి శబ్దము వినిపించిన అనంతరం మీ సందేశమును నమోదు చేయగలరు."

రెబెక్కమ్మ చదివి నవ్వింది. "ఇది రేడియోలో వార్తల మాదిరి ఉండాది సార్."

"కంపెనీ అన్నాక అట్టనే ఉండాల," అన్నాడాయన.

నా సెల్ నుంచి రెండుమూడు సార్లు చేసి, "హలో, నేను కామాక్షయ్యను, టెస్టింగు, టెస్టింగు" అని గడగడా చెప్పి చూశాను. అంతా బాగా పడింది. ఆదివారం ఆమె తెల్ల చీర కట్టుకుని ఆరాధనకు పోయింది.

సోమవారం పొద్దున ముగ్గురం కూర్చుని విన్నాము. మొదటిది, "రెబెక్కమ్మా, నేను తూపిలిపాలెం చిన్నపోలయ్యని." తర్వాత టక్కుమని కట్. రెండోది, "అమ్మా, బాగుండావా?" కట్. మూడోది, "మొన్న తీసుకపోయిన పిల్ల ఉండాది గదా." కట్. నరేంద్రబాబుకు ఇంట్లోనూ ఈ ముక్కలే వినపడ్డాయట. ఎవరికి ఏం కావాలో తెలియక ఎవరినీ పంపలేదు.

"ఏంది కామాక్షయ్య గారూ ఇది? అందరూ పేరు చెప్పేసి పెట్టేస్తుండారా?"

"పేరు చెప్పేదానికి ఫోను చేస్తారా సార్ ఎవరైనా?" అంది రెబెక్కమ్మ. ఆమె మొహం చిన్నదైపోయింది.

నేను కార్డు ఊడదీసి మళ్లీ బిగించాను. మళ్లీ టెస్టింగు చేశాను. నా మాటలు మాత్రం పూర్తిగా పడుతున్నాయి. ఆగే గడువు బాగా పెంచి చూశాను. అనుకున్నట్టే నేను పెట్టేసినా పెట్టె లైను వదలలేదు, ఇంకో ఫోను నుంచి చేస్తే ఎంగేజ్. మళ్లీ తగ్గించాను.

అంతలో చిన్నపోలయ్యే వచ్చాడు. మోటారు సైకిలు ఆపీ ఆపకముందే కేకలు.

"నా మాట మింగేసింది గదమ్మా మీ మిషను! మళ్లా చేస్తే మళ్లా మింగె. యాడికో పరిగెత్తి ఆక్సిజన్ బిళ్లలు తెచ్చుకునేసరికి సగం గుంట పాయె!"

రెబెక్కమ్మ కుర్చీ లాగి వేసింది. "కూర్చో చిన్నాయనా. ఏం చెప్పినావు ఫోనులో, మళ్లా ఒకసారి చెప్పు."

"నిన్న పొద్దున చేస్తి."

"ఊఁ."

"నాలుగో గుంటలో రొయ్యలు పైకొచ్చి తేలినాయి."

"ఊఁ."

"ఏరేటర్లు తిరగతానే ఉండాయి."

"ఊఁ."

నేను ఇన్నేళ్లుగా ఫోను తీగల్లో మాటలు వింటున్నవాణ్ణి. ఆ 'ఊఁ' దగ్గర నాకేదో తట్టింది. పోలయ్యకు కనపడకుండా, మాట్లాడవద్దని రెబెక్కమ్మకు సైగ చేశాను. ఆమె నోరు మూసుకుంది.

"ఆక్సిజన్ బిళ్లలు కావాలని..." అంటూ పోలయ్య ఆగాడు. ఆమె పలకలేదు. ఇంకాసేపు ఆగాడు. ఆమె మొహంలోకి వంగి చూశాడు. "ఏమ్మా, ఇంటుండావా?"

"ఇంటుండా చిన్నాయనా."

"మరి ఊఁ అనవేంది? గోడతో చెప్పుకున్నట్టు ఉండాది!"

నేను బల్ల మీద చరిచాను. "ఇదే సార్! ఈయన ఒక మాట చెప్పి ఊఁ కోసం ఆగతాడు. పెట్టె ఊఁ కొట్టదు. మాట ఆగింది, మనిషి పోయినాడు అనుకుని తెంపేస్తుంది."

మనవైపు అందరి తీరూ అంతే. కథ చెప్పినా, కష్టం చెప్పినా అవతలివాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ రాకపోతే తర్వాతి మాట గొంతు దాటదు. వాయిస్ మెయిల్ తయారుచేసినవాళ్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? టెస్టింగు అనడానికి ఎవరి ఊఁతోనూ పనిలేదు, అందుకే నా మాటలు పడ్డాయి.

పోలయ్యకు కోపం తగ్గి ఎగతాళి మొదలైంది. "అయితే దానికి ఊఁ పెట్టు. లాడ్జీకి ఫోన్లు పెట్టినా, మిల్లుకు పెట్టినా అంటావే, ఒక ఊఁ పెట్టలేవా కామాక్షయ్యా?"

"ఆ కార్డులో ఊఁకు కోడు లేదు పోలయ్యా."

"అయితే నీకంటే మా రెబెక్కమ్మే మేలు."

నరేంద్రబాబు తల పట్టుకున్నాడు. "ఇంకొక్క ఆదివారం చూస్తా. అంతే. దీనికోసం రైతుల గుంటలు పోగొట్టుకోలేం."

రెబెక్కమ్మ ఫోను దగ్గరకు లాక్కుంది. "ఊఁ అనదని ముందే చెప్పేస్తే పాయె గదన్నా," అంది.

"ఎవరికి?"

"చేసేవాళ్లకి. మనిషి ఊఁ అనకపోతేనే గదా ఆగేది. అనదని తెలిస్తే ఎందుకాగతారు?"

కాగితం పక్కన పెట్టి, ఫోను ఎత్తి, నేను బీప్ ఇవ్వగానే తనే చెప్పింది:

"నేను రెబెక్కమ్మని. చర్చికి పోయినాను. ఈ ఫోను అన్నీ ఇంటాది గానీ ఊఁ కొట్టదు. ఊఁ కోసం ఆగబాకండి. బీప్ అనినాక మీ పేరు, ఊరు, గుంటలో ఏమైందో ఒక్క గుక్కన చెప్పేయండి. సార్ ఇంటారు. మనిషిని పంపిస్తారు."

నరేంద్రబాబు నొసలు ముడిచాడు. "చర్చికి పోయినానని కంపెనీ ఫోనులో ఎందుకు రెబెక్కమ్మా?"

"మరి యాడికి పోయినానని చెప్పమంటారు సార్? రైతులు అడగరా?"

"ఉండనీయండి సార్," అన్నాను నేను. పోలయ్య కూడా, "ఉండనీయండి, బాగుండాది," అన్నాడు. ఆయన వద్దనలేకపోయాడు. నా వంతుగా నేను ఆగే గడువు కొంచెం పెంచి, అవతల ఫోను పెట్టేశాక లైన్లో వచ్చే కూత ఎట్లా ఉంటుందో పెట్టెకు పట్టించాను. అది వినపడగానే లైను వదులుతుంది. ఈ పని సులువుగా కుదిరేది కాదు. ఓపిక కావాలి. నాకుంది.

మరుసటి ఆదివారం నేను ఆఫీసులోనే కూర్చున్నాను. ఫోను మెకానిక్ అన్నాక తన పని తాను చూసుకోవాలి. నరేంద్రబాబు కూడా ఇంట్లో ఉండలేక వచ్చేశాడు. ఫోను మోగింది. ఇద్దరం చేతులు కట్టుకుని చూస్తూ ఉన్నాము. మోగి ఆగింది. కాసేపటికి ఎర్ర దీపం వెలిగింది.

స్పీకరులో పెట్టి విన్నాము. అది చిన్నపోలయ్య గొంతు.

"రెబెక్కమ్మా, నేను చిన్నపోలయ్యని. ఊఁ. తూపిలిపాలెం. ఊఁ. రెండో గుంటలో రొయ్యలు పైకొస్తుండాయి. ఊఁ. ఏరేటరు ఒకటి ఆగిపోయింది. ఊఁ. బిళ్లలు, మెకానిక్కును పంపండి. ఊఁ. ఉంటానమ్మా. సరే చిన్నాయనా."

తన మాట తను చెప్పి, ఆమె ఊఁలన్నీ కూడా తనే కొట్టుకున్నాడు. నరేంద్రబాబు నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. నవ్వుతూనే డ్రైవరుకు ఫోను చేసి వ్యాను పంపించాడు. బిళ్లలతో పాటు ఏరేటరు మెకానిక్కు కూడా ఎక్కాడు.

ఆ పూట ఇంకా కొన్ని మెసేజీలు పడ్డాయి. కోట మండలం వైపు నుంచి వెంకటశేషమ్మ అనే ఆమె ఊపిరి తీసుకోకుండా చెప్పేసి, చివర దగ్గింది. ఒకాయన మాత్రం ఎంత చెప్పినా "హలో, హలో" అనే అన్నాడు. ఆయన మళ్లీ చేసినప్పుడు నరేంద్రబాబే ఫోను ఎత్తాడు. లైన్లు ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు.

సోమవారం రెబెక్కమ్మ వస్తూనే దీపం వైపు చూసింది. "పోలయ్య చిన్నాయన గుంట?"

"నిలబడింది," అన్నాడు నరేంద్రబాబు.

"అయితే ఆదివారం సార్?"

"నీదే."

ఆమె హెడ్‌ఫోను పెట్టుకుని పోలయ్య మెసేజీ మొదటి నుంచి విన్నది. నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. తర్వాత మోగుతున్న లైను ఎత్తి, "ఏ ఊరన్నా?" అంది.

ఆ తర్వాత ఇంకా కొన్ని ఆఫీసులకు వాయిస్ మెయిల్ పెట్టాను. అన్నిచోట్లా ముందు ఆ ఊఁ సంగతి చెప్పించాను. ఈ చుట్టుపక్కల ఆ పద్ధతి మొదలుపెట్టింది మేమిద్దరమే. ఆదివారం పొద్దున ఆ హ్యాచరీ నంబరుకు చేస్తే ఇప్పటికీ రెబెక్కమ్మ గొంతే వినపడుతుంది. ఆమె మాత్రం అప్పుడు పాలెం చర్చిలో ముందు వరుసలో నిలబడి పాడుతూ ఉంటుంది.