మోకాళ్ల గుంతలు

మా కుటుంబం మొత్తం కలిసి దేశం దాటింది ఒక్కసారే. నేను, నా భార్య, మా అమ్మాయి, మా అక్క. నలుగురం టర్కీ పోయాం. గైడును ఎక్కడ పెట్టుకోవాలో, ఎక్కడ అక్కర్లేదో తేల్చే పని ఎవరూ అప్పగించకుండానే నేను తీసుకున్నాను.

మా అక్కది కమలాపురం. భర్త పోయాక రెండెకరాల చేను తనే చూసుకుంటోంది. కడప ఆసుపత్రి దాటి పెద్దగా ఎక్కడికీ పోని మనిషి. తొలినాటి క్రీస్తు విశ్వాసులు అక్కడ కొండల్ని తొలిచి గుడులు కట్టుకున్నారని మా అమ్మాయి చెప్తేనే బయలుదేరింది.

నాది నాపరాళ్ల వ్యాపారం. దాంతోపాటు కోతల వ్యాపారం కూడా. గనిలో బండ పగలగొడితే లోపలున్న కప్ప నన్ను చూసి ఆవులించిందని నేను చెప్పిన సంగతి మా వైపు చాలామందికి తెలుసు. నమ్మినవాళ్లు కూడా ఉన్నారు.

ఇస్తాంబుల్‌లో ఒక గైడును పెట్టుకున్నాం. పొడుగాటి మనిషి, గుమ్మటాల కట్టడాల్లో మూసిన గొడుగును ఎత్తిపట్టుకుని ముందు నడిచేవాడు. అతను ఇంగ్లీషులో చెప్పింది మా అమ్మాయి వాళ్లత్తకు తెలుగులో చెప్పేది. మూడు గంటలపాటు నా వైపు ఎవరూ తిరగలేదు. మధ్యలో రెండు జోకులు వేశాను. నా భార్య "ష్" అంది.

బయటికొచ్చాక అక్క అంది: "దేవుడు ఎంత మంచి నోరిచ్చినాడప్పా ఆయనకు. అంతసేపు చెప్పినా ఒక్క కోత లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది.

తర్వాత మజిలీ కప్పడోకియా. అక్కడ నేల కింద ఊళ్లకు ఊళ్లే తొలిచారు. రేపటికి గైడు కావాలా అని హోటలు మనిషి అడిగాడు.

"ఈడ కచ్చితంగా కావాల నాన్నా. లోపల ఏముండాదో మనకేం తెలుసు?" అంది మా అమ్మాయి.

"ఊర్లకైతే గైడు. రాళ్లకు నేనుండా. ఇరవై ఏండ్లు బండల్లో బతికినోడికి రాయి గురించి ఇంకోడొచ్చి చెప్పాల్నా?"

అక్క నా పక్షాన నిలబడింది. "అదీ నిజమే పాపా. రాయి సంగతి వానికి తెలుసు."

గైడు ఉంటే మళ్లీ అందరి చెవులూ అతనికే పోతాయని నా భయం. అసలు కారణం అదే. దాన్ని పైకి చెప్పలేదు.

మర్నాడు నేల కిందికి దిగాం. వంగి నడవాల్సిన దారులు. అక్కకు మోకాళ్ల నొప్పులు. మలుపు మలుపుకూ కూర్చుంటూ వచ్చింది. ఒక గదిలో నేలమీద పక్కపక్కనే రెండు గుంతలు కనిపించాయి, నున్నగా అరిగి.

"ఇవేంటియప్పా?"

కుండలు దొర్లకుండా తొలిచినవని చూడగానే తెలిసింది. కుండలు అంటే ఒక్క మాటలో అయిపోతుంది. ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు. ఇస్తాంబుల్ తర్వాత మొదటిసారి.

"మోకాళ్ల గుర్తులక్కా. సైనికులు తరుముతాంటే జనమంతా ఈడ దాక్కున్యారు. ఒక ముసలామె, నేలపైన చిక్కుకున్న వాళ్ల కోసం ఏడేండ్లు ఈ చోట్నే మోకరించింది. రాయి అరిగిపోయింది."

అక్క తన మోకాళ్లు తడుముకుంది. "ఆమెకు నొప్పి పుట్టలేదా?"

"మొదటేడు పుట్టిందంట. తర్వాత రాయే మెత్తబడిందంట."

అక్క గోడ పట్టుకుని మెల్లగా వంగి, ఆ గుంతల్లో తన మోకాళ్లు పెట్టింది. మోకరించొద్దని కడప డాక్టరు రెండేళ్ల కిందటే చెప్పాడు. అప్పటినుంచి చర్చిలో ఆడవాళ్ల వైపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటోంది. అందరూ మోకరించినప్పుడు తానొక్కతే ఎత్తుగా కనబడతానని సిగ్గుపడేది. ఇదంతా నాకు తెలుసు. మా అమ్మాయి నావైపు అనుమానంగా చూస్తే కన్ను కొట్టాను.

దూరం పోయి క్షేమంగా తిరిగొచ్చిన వాళ్లు సంఘం ముందు సాక్ష్యం చెప్పడం మా చర్చిలో ఆనవాయితీ. వచ్చిన ఆదివారం అక్క లేచింది. గొడుగు గైడు చూపించిన పెద్ద పెద్ద గుమ్మటాల ఊసే ఎత్తలేదు. "నా కండ్లతో చూసినా. నా మోకాళ్లు పెట్టినా," అంటూ ఆ ముసలామె కథ చెప్పింది. నేను చెప్పినదానికన్నా బాగా చెప్పింది. ప్రార్థన వేళకు కుర్చీ పక్కకు జరిపి మోకరించింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు ముసలమ్మలు కూడా కుర్చీలు వదిలారు. నేను మగవాళ్ల వైపు కూర్చుని నా పాదాల వంక చూసుకున్నాను.

నాలుగు వారాలు గడిచాయి. అక్క కాలు కింద పెట్టలేకపోతోందని తెలిసి పోయాను. రెండు మోకాళ్లూ వాచి, ఆకులు కట్టుకుని మంచం మీద ఉంది.

"మోకరించడం మానుకోక్కా."

"మొదటేడు నొప్పి ఉంటాదని నువ్వే చెప్తివి కదప్పా."

ఇక ఆగలేకపోయాను. "అక్కా, అవి కుండలు పెట్టుకునే గుంతలు."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలా. నాకు ఆడనే తెలుసు."

"మరి ఆ ముసలామె?"

"లేదక్కా."

తిడుతుందని ఎదురుచూశాను. కాళ్ల మాటే ఎత్తలేదు. ఆకుల కట్టును సర్దుకుంటూ, "సంఘం ముందర సాక్ష్యం చెప్పినానే రా," అంది. అంతే.

తర్వాతి ఆదివారం పాస్టరు అయ్యగారిని అడిగి మళ్లీ లేచింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"నేను ఆ పొద్దు చెప్పింది నిజం కాదు. ఆడ ఎవరూ మోకరించలేదు. అవి కుండల గుంతలు. తప్పు నాది. నొప్పులుండే వాళ్లు కుర్చీల్లోనే కూచోండి. దేవునికి ఇనపడుతుంది."

ముందు వరుసలోని ముసలమ్మ ఒకామె ఉండబట్టలేక అడిగింది. "మరి నీకట్ల ఎవరు చెప్పిరమ్మా?"

లేవడానికి ముందున్న బెంచీ పట్టుకున్నాను. అక్క నావైపు చూడనైనా లేదు.

"నేనే సరిగ్గా ఇచారించుకోలేదులేమ్మా," అని కూర్చుంది.

అయ్యగారు పాట నంబరు చెప్పారు. సంఘమంతా లేచి నిలబడింది. అందరితోపాటు అప్పుడు లేచాను నేను.