కొలరాడోకి మీరూ రండి

ఆ రోజుల్లో టెక్సస్‌లోని మా ప్లేనోలో ఎత్తయినదేదైనా ఉందంటే అది వాటర్ ట్యాంకే. ఎటు చూసినా నేల చపాతీ పీటలా చదునుగా ఉండేది. ఎండాకాలంలో కార్ స్టీరింగ్ పట్టుకోవాలంటే చేతికి గుడ్డ చుట్టుకోవాల్సి వచ్చేది. బెజవాడ ఎండల్లో పుట్టి పెరిగిన నేను, అమెరికా అంతా చలేనని నమ్మి, పెట్టె నిండా స్వెటర్లు తెచ్చుకున్నాను. (అవి టెక్సస్‌లో పెట్టెలోంచి బయటికి వచ్చిన పాపాన పోలేదు.) అలాంటిదాన్ని, ఒకరోజు గ్రోసరీ షాపు గుమ్మంలో ఊరికే ఇచ్చే కొలరాడో బ్రోషర్ ఒకటి తీసి చూశాను. మంచు కప్పుకున్న కొండలు, కింద నీలంగా సరస్సు, ఒడ్డున చెక్క ఇళ్ళతో ఓ బుల్లి ఊరు. సరస్సులో చిన్న పడవ, అందులో ఇద్దరే ఇద్దరు. కొండల సంగతి తర్వాత, ముందు ఆ ఇద్దరినీ చూసి నాకు కళ్ళు కుట్టాయి.

ఎందుకంటే, పెళ్ళయి ఏడాది దాటినా మా ఇంట్లో మేమిద్దరమే ఉన్న పూట ఒక్కటీ లేదు. మా ఆయన టెలిఫోన్ పరికరాల కంపెనీలో ఇంజనీరు. పెళ్ళికి ముందు నుంచీ ఆయనతో అపార్ట్‌మెంట్ షేర్ చేసుకున్న స్నేహితుడు నేను కాపరానికి వచ్చాక కూడా, "లీజ్ అయిపోగానే వెళ్ళిపోతా వదినా" అంటూ రెండో బెడ్‌రూమ్‌లోనే ఉన్నాడు. మంచివాడే, అడక్కుండానే గిన్నెలు కడిగేవాడు. కానీ మేం సోఫాలో పక్కపక్కన కూర్చుంటే చాలు, మధ్యలోకి వచ్చి కూర్చుని టీవీ పెట్టేవాడు. ఇక వీకెండ్ వస్తే ఎవరో ఒకరింట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్. అక్కడ ఆడవాళ్ళు కిచెన్‌లో, మగవాళ్ళు లివింగ్ రూమ్‌లో. మా ఆయనకి ఏ రంగంటే ఇష్టమో కూడా నాకు తెలియదు గానీ, ఆ మరిదికి సాంబార్‌లో చింతపండు ఎంత పడాలో మాత్రం బాగా తెలుసు.

అందుకని, మరిది స్నానానికి వెళ్ళిన సమయం చూసి ఆయనకి బ్రోషర్ చూపించాను. "మనిద్దరమే వెళ్దాం" అన్నాను. "మనిద్దరమేనా?" అన్నారాయన, అలా కూడా వెళ్ళొచ్చా అన్నట్టు. తర్వాత ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడే ఆఫీస్‌లో వెకేషన్ అప్లై చేసి, సరస్సు పక్కన ఓ కాబిన్ బుక్ చేసేశారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టుకున్నాం. మరిదికి కూడా.

ఒట్టు గట్టుమీద పెట్టించింది పెద్దక్క. ఆవిడ నాకు చుట్టం కాదు. వరంగల్ నుంచి మా అందరికంటే ముందు వచ్చి స్థిరపడిన డాక్టర్‌గారి భార్య. మా తెలుగువాళ్ళందరికీ పెద్దక్కే. జూలై మొదటివారంలో వాళ్ళింట్లో వ్రతమనీ, పొద్దున్నే వచ్చి వంటలో సాయం చెయ్యాలనీ ఫోన్ చేసింది. సరిగ్గా మేం వెళ్ళే వారం. "అదీ... మేం ఆ వారం కొలరాడో వెళ్తున్నాం అక్కా" అని నసిగాను. అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం భరించలేక, మర్యాదకి, "మీరూ రండక్కా" అన్నాను.

ఇక్కడ నా తరఫున ఒక మాట చెప్పుకోవాలి. మా ఇంట్లో అన్నం తింటూ ఉండగా గుమ్మంలోకి ఎవరొచ్చినా "రండి, భోంచేద్దురుగాని" అంటాం. వాళ్ళు కడుపు మాడుతున్నా సరే "ఇప్పుడే అయిందండీ" అంటారు. అనాలి. ఆ ధైర్యంతోనే కదా మనం పిలిచేది! అలాగే పెద్దక్క కూడా "అయ్యో, మీరిద్దరూ వెళ్ళి రండి" అంటుందని చెవులు రిక్కించుకుని నిలబడ్డాను.

"వస్తం పిల్లా!" అంది పెద్దక్క. "వ్రతందేముంది, శ్రావణంల చేసుకుంట. ఎన్నిటికి బయల్దేరుడు?"

ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాను. సాయంత్రం విషయం విని ఆయన కూడా నా పక్కనే వచ్చి నేలమీద కూర్చున్నారు. ఇద్దరం అలా కూర్చుని ఉంటే, మరిది వచ్చి మా మధ్యలో కూర్చుని, "ఏమైంది వదినా?" అన్నాడు.

అదే పెద్ద షాక్ అనుకున్నాను. ప్లానింగ్ మీటింగ్‌కని ఆ శనివారం పెద్దక్క ఇంటికి వెళ్తే, వాకిట్లో కార్లు పెట్టడానికి చోటు లేదు. పెద్దక్క మనసులో లేనిది పైకి అనే మనిషి కాదు. ఆవిడ పిలిచిందంటే నిజంగానే పిలిచినట్టు. అందరినీ పిలిచేసింది. అందరూ వచ్చేస్తున్నారు. ఆ సాయంత్రమంతా నోళ్ళు నొప్పెట్టేలా ప్లాన్ చేశాం. రైస్ కుక్కర్ ఎవరిది, ఆవకాయ ఎవరిది, దారిలోకి పులిహోరా లేక దద్దోజనమా అని. అంత చల్లటి చోట దోసెల పిండి పులుస్తుందా పులవదా అని డాక్టర్ బావగారు ఒక లెక్చర్ ఇచ్చారు. కొండల మాట గానీ, సరస్సు మాట గానీ ఒక్కళ్ళు ఎత్తితే ఒట్టు.

చివర్లో పెద్దక్క చప్పట్లు కొట్టి తీర్పు చెప్పింది. "ఆడోళ్ళమంత ఒక్క కాబిన్ల, మొగోళ్ళంత ఒక్క కాబిన్ల. వాళ్ళ కార్డ్స్ లొల్లి మనకెందుకు? ఈ పిల్ల బుక్ చేసిన దాంట్ల స్టవ్ మంచిగున్నదట, గదే మన వంటిల్లు."

అందరూ ఆహా అన్నారు. నేను నిర్ఘాంతపోయి ఆడవాళ్ళ గదిలోంచి మగవాళ్ళ గదిలోకి ఆయన కోసం చూశాను. ఆయన నోట్లో పెట్టుకోబోయిన జంతిక అలాగే చేతిలో పట్టుకుని, తెరిచిన నోరు మూయడం మర్చిపోయి నన్నే చూస్తున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు కార్‌లో నాకు ఏడుపు ఆగలేదు. "కార్ సిక్‌నెస్సా వదినా?" అని వెనక సీట్లోంచి మరిది నిమ్మకాయ అందించాడు.

వెళ్ళాం. కొండలు బ్రోషర్‌లో ఉన్నట్టే ఉన్నాయి. నేను మా కాబిన్‌లో, అంటే వంటింట్లో, కిటికీలోంచి వాటిని చూస్తూ ఉప్మా కలుపుతున్నాను. అంతలో పెద్దక్క మా ఆయన్ని కేకేసి, నా చేతిలోంచి గరిటె తీసుకుంది. "పాలు ఒడిసిపోయినయ్. మీరిద్దరు పోయి పట్టుకరాండ్రి." మరిది చటుక్కున బూట్లు వేసుకుని, "నేనూ వస్తా" అన్నాడు. "నువ్వు కూసో! ఉల్లిగడ్డలు ఎవరు కోస్తరు?" అని చాకు చేతికిచ్చింది.

కొట్టు సరస్సుకి ఆ చివర ఉంది. దాని పక్కనే పడవలు అద్దెకిస్తున్నారు. తెడ్డు వెయ్యడం ఇద్దరికీ రాక పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది. పెట్టెలోంచి ఎట్టకేలకు బయటపడ్డ ఆకుపచ్చ స్వెటర్‌లో ఉన్న నన్ను చూసి, "నాకు ఆకుపచ్చంటే ఇష్టం" అన్నారాయన. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి సంతోషంతో. మర్నాడూ పాలు అయిపోయాయి. ఆ మర్నాడూ అయిపోయాయి. ఇంతమందిమి ఉన్నాం, ఇంతింత కాఫీలు తాగితే అవక ఏమవుతాయి అనుకున్నాను. చివరిరోజు సామాన్లు సర్దుతూ నేను పెద్దక్కవాళ్ళ ఐస్ చెస్ట్ మూత తెరిచాను. కరివేపాకు పొట్లాల కింద, మేం రోజూ మోసుకొచ్చిన పాల డబ్బాలు సీలైనా తియ్యకుండా వరసగా నిలబడి ఉన్నాయి. తలెత్తి చూశాను. పెద్దక్క నా వైపు చూడకుండానే, "మూత పెట్టు పిల్లా, సల్లదనం పోతది" అంది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ వేసవికి ఆయన స్విట్జర్లాండ్‌లో సరస్సుల పక్కన హోటళ్ళు బుక్ చేశారు. మరిది ఏనాడో ఫ్రీమాంట్ వెళ్ళిపోయాడు, పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ. ఇంట్లో ఎప్పుడూ మేమిద్దరమే. ఎవరూ అడక్కుండానే పెద్దక్కకి ఫోన్ చేశాను. డాక్టర్ బావగారు పోయాక ఆవిడ ఎక్కడికీ కదలడం లేదు. "మీరూ రండక్కా" అన్నాను. ఈసారి మర్యాదకి కాదు.

"అయ్యో, నా మోకాళ్ళు మాట వినవు బిడ్డా. మీరిద్దరు పోయి రాండ్రి" అంది పెద్దక్క.

ఆనాడు చెవులు రిక్కించుకుని నేను ఎదురుచూసిన జవాబు అక్షరాలా ఇదే. అప్పటి ఆ స్వెటర్ల పిల్ల వినుంటే ఎగిరి గంతేసేది. నేను మాత్రం ఫోన్ అలాగే పట్టుకుని, "మరి మమ్మల్ని పాలకి ఎవరు పంపిస్తారక్కా?" అన్నాను.