పసుపంటిన పత్తాలు

పొద్దున మా అక్క తన బిడ్డ లగ్గం పత్రిక తెచ్చి, నా ముంగటనే నాలుగు మూలలకు పసుపు పెట్టింది. నా పాత అనుమానం మళ్ల లేసింది.

యాదికున్నదా దోస్తులూ, పాత లగ్గం పత్రికలు కత్తిరించి పత్తాలు చేసుకునేటోళ్లం? ఇబ్రహీంపట్నంల మా ఇంట్ల ముక్కలు కోసేది నేను, తెల్లగున్న దిక్కు బొమ్మలు గీసేది అక్క. రాజుకు బాపు మీసాలు, రాణికి అమ్మ ముక్కుపుల్ల. ఓడినోళ్లు బోరింగు కాడికెళ్లి నీళ్లు తేవాలె. ఎప్పుడు జూసినా బిందె నా భుజం మీదనే!

"అక్కా, రాజులను, రాణులను పసుపంటిన ముక్కల మీదనే గీసినవ్ గదా? నా చేతిల ఏమున్నయో వెనకనుంచే ఎర్కయితుండె నీకు."

"గిన్నేండ్లు పట్టిందా రా?" అని నవ్వింది. "మళ్ల ఆడుదామా?"

"ఆడుదాం. ఈసారి బొమ్మలు నేను గీస్తా."

"సరే" అని వెంటనే ఒప్పుకున్నది. గదే నాకు నమ్మబుద్ధి అయితలేదు.