శొంఠి కొసరు

ఆళ్లగడ్డ బజారులో ఓబుళశెట్టి ఎవరికీ కొసరు వెయ్యడు. అడిగితే, "వచ్చేది అమ్మకం పన్నుకే సరిపోతాంది, కొసరు యాడ తెచ్చేదప్పా?" అంటాడు. బాలింతకని శొంఠి కొనేవాళ్లకు మాత్రం అడక్కుండానే ఒక కొమ్ము ఎక్కువ వేస్తాడు. నంద్యాల ఆసుపత్రికి ఎద్దులబండి పోతుంటే తక్కెడ దించి, అది మలుపు తిరిగేదాకా చూస్తాడు. పదేళ్ల కిందట పురిటినొప్పులతో అలాగే బయల్దేరిన అతని భార్య రత్నమ్మ, శిరివెళ్ల చేరకముందే బండిలో కన్నుమూసింది.

యాభై ఏడు ఎన్నికల్లో ఒకాయన పన్ను తగ్గిస్తానన్నాడు, ఇంకొకాయన ఊరికి కాన్పుల ఆసుపత్రి తెస్తానన్నాడు. "మన ఓటు పన్ను తగ్గించేటాయనకే గదన్నా?" అని పక్క అంగడి పాండురంగయ్య అడిగితే, "ఇంకెవరికప్పా?" అన్నాడు. ఓట్ల రోజు తెర వెనక ఒక్కొక్కరికి ఒకటి చొప్పున రెండు పెట్టెలున్నాయి. ఓబుళశెట్టి ఆసుపత్రి తెస్తానన్న ఆయన పెట్టెలో చీటీ వేశాడు. వెళ్లబోయి ఆగి, రొంటిన దోపుకున్న సన్నటి శొంఠి కొమ్ము తీసి, అదే సందులోంచి కొసరు వేశాడు.